గీత

నల్లగొండ దవాఖాన మూడో అంతస్తుల
లతీఫ్ సాహెబ్ గుట్ట కిటికీ నిండ కూసునే గది.
అంతటి ఉప్పలయ్య పుర్రె కింద
తొంభై ఆరు సూదులున్నయ్,
ఒక్కోటి చీమ కాలంత.
ఆయన తలపోస్తె
నా తెర మీద గీతలు లేవాలె.
నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ల
బస్తాలు మోసిన హమాలి బిడ్డకు
అదీ నౌకరి.

కాయితం మీద ఎవరో ఎక్కడో రాసింది
చదివి వినిపిస్త:
కుడిచేతి పిడికిలి బిగిస్తున్నట్టు అనుకో.
బంతి పట్టుకుంటున్నట్టు అనుకో.
మీట నొక్కుతున్నట్టు అనుకో.
ఉప్పలయ్య అనుకుంటడు.
నుదురంత చెమట.
తెర మీద మాత్రం కోసిన వరిమడి,
నేలకానిన కొయ్యకాళ్ళు తప్ప
ఒక్క గింజ లేదు.

పదమూడు రోజులు.
హైదరాబాదు నుంచి ఫోన్ల అన్నరు:
సిగ్నల్ పేదగున్నది,
ఆ మనిషిని లిస్టుల నుంచి తీసెయ్.

ఆ పొద్దు కరెంటు పోయింది.
బ్యాటరీ మీద మిషిను మూలుగుతుంది.
ఊకుండలేక అడిగిన:
"మామా, ఎన్ని చెట్లు గీసెటోడివే?"

"పంతొమ్మిది" అన్నడు.
కండ్లు మూసుకున్నడు.
ముస్తాదు కట్టిండు,
మోకు నడుముకేసిండు,
కాళ్ళకు గుజి తొడిగిండు.
ఇవేవి నాకు చెప్పలే,
తెర చెప్పింది.

కుడి, ఎడమ, మోకు పైకి ఇసురు.
కుడి, ఎడమ, మోకు పైకి ఇసురు.
చుక్క ఎక్కి ఎక్కి
తెర అంచుకు తాకి ఆగింది.
"ఇంక పైకి పోతలేదు మామా!"
"పైకేం పోతది బిడ్డా, గెల కాడికి వచ్చిన.
ఇగ గీసుడే."

ఉల్లిపొరంత చెక్కు లేచింది
తెర మీద, సన్నగ.
తలరాత మాట ఇన్న గని
తలగీత సూసుడు అదే మొదలు.
ఫోన్ చేసి చెప్పిన:
పేదది సిగ్నల్ కాదు సారూ,
మీ కాయితం.

ఇప్పుడు నా ఫైళ్ళల్ల
కుడిచెయ్యి అని ఉండాల్సిన కాడ
వంకరోడు, బాయికాడి పోతుతాడు,
తొర్రది, పిడుగుబడ్డది.
ఆ పేర్లు పట్టుకోని ఇనుప చెయ్యి లేస్తది,
గ్లాసుల నీళ్ళు తెస్తది.
కంపెనీ వీడియోల లెక్క తిన్నగ కాదు,
పెదవుల దాక వచ్చి
మణికట్టు కాడ చిన్నగ అదురుతది,
నురగ మీది ఈగను తోలినట్టు.
అది తప్పు, సరిజెయ్యమన్నరు.
నాకు చేతగాలేదని రాసిన.

సంతకాల పత్రం వచ్చింది.
ఈ గీతలన్ని కంపెనీ సొత్తు,
నిద్రలవి గూడ.
సోమలచ్చమ్మ పెనిమిటి బొటనేలు లేపి
సిరా ల అద్ది ఒత్తుతుంటె
ఆయన నవ్విండు:
"చెట్ల రకం సర్కారుకు కట్టిన.
ఇగ తలకాయ రకం గూడనా?"

నిన్న రాత్రి మిషిను బందు జేసుడు మర్సిపోయిన.
పొద్దుగాల వచ్చి చూస్తె
ఎక్కుడు, గీసుడు, దిగుడు.
ఎక్కుడు, గీసుడు, దిగుడు.
వేలు పెట్టి లెక్కబెట్టిన, పద్దెనిమిది.
పంతొమ్మిదోదాని మొదట్ల
చుక్క నిలబడ్డది.
తెల్లారేదాక అట్లనే.

నిద్ర రికార్డుకు రేటెక్కువ.
ఫైలుకు పేరేందని అడిగింది మిషిను.
పెట్టలే.
తుడిచేసిన.

"రాత్రి తెర మీద ఏమన్న వచ్చిందా బిడ్డా?"
"కరెంటు లేకుండె మామా."
"మరి పిక్కలెందుకు గుంజుతున్నయే"
అన్నడు ఉప్పలయ్య,
నాలుగేండ్ల సంది
మెడ కింద యాడ గుచ్చినా ఎరుగనోడు.