ఎండబెట్టిన గోడ

పదకొండో అంతస్తు మీంచి తాడు జారాక
మొదట కనపడేది సముద్రం కాదు,
నా మొహమే.
నల్లటి పలకలో, హెల్మెట్ కింద,
మా నాన్న ముక్కుతో.

సిరిపురం నుంచి బీచికి దిగే మలుపులో
ఈ మేడకి ఒకప్పుడు అద్దాలుండేవి.
హుద్‌హుద్ రోజున అన్నీ రాలిపోయి
ఏడాది పాటు నీలం టార్పాలిన్లు కప్పుకుని కూర్చుంది.
ఇప్పుడు తూర్పుకీ దక్షిణానికీ
పైనుంచి కిందిదాకా సోలార్ పలకలే గోడ.
వెనక జానెడు సందు వదిలారు.
గాలి ఆడకపోతే వేడెక్కి పని మానేస్తాయట.
మనలాగే, అన్నాడు ఇంజనీరు ఫణిభూషణ్.

నా పని ఉప్పు తుడవడం.
రాత్రంతా సముద్రం పూసిన ఉప్పు,
పోర్టు వైపు నుంచొచ్చే బొగ్గు నుసి,
రెండూ కలిసి సన్నటి పొర కడతాయి.
మీటర్లో యూనిట్లు తగ్గితే నాకు ఫోనొస్తుంది.
పలక మీద వేలు రాసి నాలిక్కి తగిలిస్తాను.
ఎక్కడ మొదలెట్టాలో నాలికే చెబుతుంది.

మా మామ్మ కాసులమ్మని ఒకరోజు ఆటోలో తెచ్చి చూపించాను.
పెద్ద జాలరిపేట ఇసకలో
నలభయ్యేళ్ళు నెత్తళ్ళూ కవ్వళ్ళూ ఎండేసిన మనిషి.
కళ్ళకి చెయ్యడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.
"ఏటిరా ఇది, ఎండని ఎండబెడతన్నారేటి?"
"కరెంటు, మామ్మా."
"నిలబెట్టి ఎండేస్తే ఒక పక్కే ఎండుతాది.
మద్దేనం తిరగెయ్యాల గదా."

గోడని తిరగెయ్యలేం.
ఈ మాట చెబితే ఫణిభూషణ్ నవ్వలేదు.
నడినెత్తి ఎండ గోడకి అంచుతోనే తగుల్తుందని
అతని కాయితాల్లోనూ ఉందట.
జూన్‌లో అయితే పొద్దు మనల్ని దాటి
కాస్త ఉత్తరానికి జరుగుతుందనీ,
దక్షిణం గోడ పస్తుంటుందనీ.
వేట నిషేధం ఎత్తేసిన ఆ రోజుల్లోనే
మామ్మ తన చాపని గుడిసెకి అవతలి పక్కకి లాగేది.
ఎందుకని మేమెవరం అడగలేదు.

ఇంకో సంగతి.
నేను వేలాడినంతసేపూ
నా నీడ పడ్డ పలకలు నిద్రపోతాయి.
కింద కంట్రోల్ రూములో హైమవతి తెర మీద
గోడ బొమ్మ ఉంటుంది, పచ్చటి గళ్ళతో.
అందులో మసక మచ్చొకటి
పైనుంచి కిందికి నెమ్మదిగా దిగుతుంది.
"అదిగో నువ్వు," అంది.
నేనెంత ఎండని అడ్డుకున్నానో
పక్కనే అంకెల్లో పడుతోంది.
రేషన్ కార్డులో, ఓటరు లిస్టులో
పేరు తప్పు రాశారు గానీ
నన్నింత కచ్చితంగా ఎవరూ లెక్కపెట్టలేదు.

సాయంత్రం చొక్కా విప్పి నూతి పక్కన కూర్చుంటే
మామ్మ వచ్చి వీపు మీద చెయ్యేస్తుంది,
చేప ఎండిందో లేదో నొక్కి చూసినట్టు.
తర్వాత ఛాతీ మీద.
గోడకి ఎదురుగా వేలాడతాను కదా,
"ఒక పక్కే ఎండినావురా," అంటుంది.