తాడు విప్పేలోపు

ఓడ మద్రాసు రేవులో ఆగింది.
రాత్రి తొమ్మిదికి తాడు విప్పుతారు.

తెల్లారి బస్సెక్కి తిరుపతిలో దిగాను.
జేబులో చీటీ:
వంటాయన డిసౌజాకి సానరాయి,
లాండ్రీ పిల్లోడికి నల్లదారం,
నా కళ్లజోడుకి ఒక కాడ.

చంద్రగిరి కోటలో మెట్టు మీద కూర్చుంటే
రాయి కూడా కాస్త ఊగింది.
టికెట్లు చింపే ఆమె చూసి
"ఎండదెబ్బా సా?" అంది.
సముద్రం, అన్నాను.
నీళ్ల సీసా ఇచ్చింది.

గాంధీ రోడ్డులో బూటు కుట్టే మునెయ్య
తెల్లటి చారను గోటితో గీకి
"ఇంత ఉప్పు యాడిదప్పా?" అన్నాడు.
చెప్పబోతే బస్సు హారన్ కొట్టింది.

సానరాయి మర్చేపోయాను.

ఓడ మెట్ల దగ్గర కాపలావాడు
బూట్ల మట్టి దులపమన్నాడు.
ఎర్రమట్టి, కోటది.

ఒక కాలే దులిపాను.