అర దెబ్బ ఖాళీ

మేం బ్యాండుగా ఉన్నది పదకొండు నెలలు.
అందులో రెండు వెర్లిన్ ట్రక్కు బాగుచేయించడానికే పోయాయి.

స్లేట్‌డంప్ బాయ్స్ అని పేరు.
ఆ బాయ్స్‌లో ఒకరు ఓమా గాబర్డ్.
ఫిడేలు గడ్డం కింద కాదు, మోచేతి మడతలో పెట్టుకునేది,
చంటిదానికి పాలు పట్టేటట్టు.
పోస్టరు మార్పించే డబ్బుల్లేక ఆమే బాయ్ అయింది.

పగలు గని. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో బొగ్గు.
బాంజో తెల్లతోలు మీద వెర్లిన్ చిటికెనవేలు ఆనే చోట
ఒక నల్లమచ్చ, దిష్టిచుక్కలా.

రికార్డు ఒక్కటే. మూడు వందల ప్రతులు,
నలభై ఇంకా నా మంచం కింద.
రేడియో స్టేషను వెనకగది, ఒక్క మైకు,
దాని చుట్టూ కోళ్ళలా మూగాం:
ముందుకొచ్చి ఓ పోటు పొడిచి, వెనక్కి.
రెండో చరణంలో లేసీ మాండొలిన్ తీగ
టప్పున తెగింది.
వాడు ఆగాడు. వాడు ఆగాడని మేమూ ఆగాం.
అర దెబ్బ.
ఏమీ ఎరగనట్టు ఓమా కమాను లాగింది,
మేం ఆమె వెంట పడ్డాం.
మళ్ళీ పాడదామంటే టేపు ఖరీదు మాదట.

విడిపోవడానికి కథేం లేదు.
కొట్టుకుని ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది.
వెర్లిన్‌కి ఒహాయోలో టైర్ల ఫ్యాక్టరీ.
ఓమాకి కవలలు.
లేసీకి దగ్గు.
నా బేస్ వానకి నాని వీపు పగిలింది,
ఉడుతలు దాన్లో కాపురం పెట్టాయి.

ఎవరో టేపు చేసుకున్నారు, ఆ టేపుకి ఇంకెవరో టేపు.
వేసవి శిబిరాల్లో మేష్టర్లు
సరిగ్గా ఆ చోట చెయ్యెత్తి ఆపుతారట.
నేను నమ్మలేదు.

మొన్న శుక్రవారం, కోర్టు మెట్ల మీద,
పన్నెండేళ్ళ పిల్ల, పళ్ళకి తీగలు,
మాండొలిన్ ఆమె చేతుల్లో చేపలా కొట్టుకుంటోంది.
మా పాటే. ఎవరిదో ఆమెకి తెలీదు.
రెండో చరణం.
ఆగింది.
బాంజో కుర్రాడు ఆగాడు.
జపాన్ నుంచి వచ్చిన గిటారాయన కూడా ఆగాడు.
కాలితో దరువేస్తున్న జనం
పాదాలు గాల్లో ఉంచి
ఆగారు.

అయ్యాక అడిగాను: అక్కడెందుకమ్మా ఆగుతావు?
నాకు పాట రాదన్నట్టు చూసింది.
"అక్కడ ఆగాలి కదా తాతా.
పాట ఊపిరి పీల్చుకునేది అక్కడే."

పన్నెండు సెంట్ల తీగ. తుప్పు పట్టింది.
కొత్తది కొనరా అని ఆ వారమే లేసీతో చెప్పాను.
ఇంకో నాలుగు రోజులు లాగుతుందిలే, అన్నాడు.