తొమ్మిదొందల అడుగులు

కళ్యాణదుర్గంలో, ఒక మధ్యాహ్నం,
నెత్తిన బొంత కప్పుకుని ఫోనులోకి మాట్లాడుతున్నాను.
ఫ్యాను ఆపేశాం. కుక్కరును బతిమాలుకున్నాం.

"తొమ్మిదొందల అడుగుల కింద
రాతి నెర్రెల్లో దాగిన నీళ్లు
మీ ముత్తాత పుట్టకముందు కురిసిన వాన"
అని పోయిన వారం చెప్పాను.
బొమ్మ గీయడానికి నల్లబల్ల లేదు,
గొంతుతోనే తవ్వాలి.

శనక్కాయలు ఒలుస్తూ విన్నదట తిప్పమ్మ,
ఫోను ఇత్తడి చెంబులో నిలబెట్టి.
అట్ల పెడితే నా మాట
బాయిలోంచి వచ్చినట్టుంటదంట.

రాత్రి ఆమె గొంతు నాకొచ్చింది, నలభై సెకన్లు:
"సార్, ఆ నీళ్లు మూడు బోర్లేసి తాగేసినాం.
ముత్తాత వాన అయిపాయ.
మొన్న పడిన వాన యాడికి పోయిందో
అది సెప్పు ముందు."
ఆ తర్వాత మాటల్లేవు,
కాయలు చిట్లుతున్న చప్పుడు.

ఈ వారం అక్కడే మొదలుపెట్టాను,
ఆమె గొంతుతో, ఆ కాయల చప్పుడుతో.
చెరువు పూడిక దాకా వచ్చేసరికి
వెనక వీధిలో రిగ్గు బండి లేచింది.
బొంతను, గోడను, నా వాక్యాన్ని తొలుచుకుంటూ
నేల్లోకి దిగుతోంది.

సాయంత్రం ఆ ముక్క కత్తిరించబోయి
వేలు వెనక్కి తీసుకున్నాను.