అడుగు తొలిచిన రాయి

మారేషా ఊరి గవిని పక్కన
ఉన్ని కొనేవాణ్ణి నేను.
నా సంచిలో రెండు తూకపురాళ్ళు,
రెండూ ఎనిమిది తులాలవే, పావురం గుడ్డంత నునుపు.
ఒకదాని అడుగు తొలిచి
మైనం నింపి, పైన సున్నం రాశాను.
వెండి ఇచ్చేటప్పుడు చెయ్యి దానిమీదికే పోయేది.
ఏడేళ్ళ ఉన్ని
ఆ చిటికెడు ఖాళీలోంచి
మా ఇంటికి నడిచొచ్చింది.

అటారాకి మూడే గొర్రెలు.
మొగుడు లేడు, నా అన్నవాళ్ళు లేరు.
పల్లేరు ముళ్ళన్నీ ఏరి, దువ్వి మరీ తెచ్చేది ఉన్ని.
ఓ ఏడు వెండి తునకల్ని అరచేతిలో ఎగరేసి
"తేలిగ్గా ఉందేం నాయనా?" అంది.
"వయసు మీదపడింది గదా అవ్వా,
చేతికి బరువు తెలీదు" అన్నాను.

రాయి చేసిన పాపం కన్నా
ఆ మాట చేసిందే ఎక్కువ.
ఆ తర్వాత ఆమె తన చేతిని నమ్మలేదు.
కూరలో ఉప్పు వేసి, వేశానా అని
పొరుగింటావిడని పిలిచి అడిగేదట.
అలా అడుగుతూ అడుగుతూనే పోయింది.

నన్నెవరూ పట్టుకోలేదు.
దేవదూత రాలేదు, కల రాలేదు.
తొలకరి ఆలస్యమైన ఆ కార్తెలో
రాత్రిళ్ళు నా ఎముకల్లో
ఎవరో ఇనుప పళ్ళతో ఉన్ని దువ్వుతున్నట్టుండేది.
నోరు మూసుకున్నకొద్దీ దువ్వెన లోతుకి దిగేది.

లెక్క నాకు తెలుసు:
దోచింది దోచినట్టు, దానిమీద అయిదో వంతు.
తీసుకునే మనిషి లేకపోతే, వారసుడూ లేకపోతే
అది నీది, నీ యాజకుడి చేతికి.
వెండీ పొట్టేలూ తీసుకుని యెరూషలేము కొండెక్కాను.

యెకమ్యా ముసలి యాజకుడు, చెవులు మందం.
గొణిగాను.
"ఆఁ?" అన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టి.
కాస్త పెంచాను. "ఆఁ?"
చివరికి ఆవరణ అంతా వినబడేట్టు అరిచాను:
"దొంగ రాయితో తూచాను!
ముసలమ్మ చేతిని అబద్ధం చేశాను!"
పావురాలమ్మేవాడు తలతిప్పాడు. ఎక్కడో బిడ్డ ఏడుపాపింది.
"ఇంకా?" అన్నాడు యెకమ్యా.
ఇంకా ఉంది. అదీ అరిచాను.

పొట్టేలు తలమీద చేతులుంచాను.
సిగ్గుచేటు, ప్రభూ,
ఆ క్షణంలోనూ నా బొటనవేలు
ఉన్ని పీచు నలిపి చూసి ధర కట్టింది.
నువ్వది చూశావు.
చూసీ పొగను పైకి రానిచ్చావు.

దిగే దారిలో కాళ్ళకు బరువు తెలియలేదు.
దొంగకు దొంగతనం వాసన తెలుస్తుంది గదా,
అనుమానమొచ్చింది:
ఏడేళ్ళ నేరం ఇంత తేలిగ్గా ఎలా తూగింది?
నువ్వూ, ఎవరూ చూడనప్పుడు
దాని అడుగు తొలిచావా?

తొలిస్తే తొలిచావు.
ఆ తరుగు ఎవరి మీద రాశావు?
నీ మీద రాసుకుంటే తలవంచి తీసుకుంటాను.
మళ్ళీ అటారా వెండిలోంచి మాత్రం కాదని
ఒక్క మాట చెప్పు.

జవాబు రాలేదు. దువ్వెనా రాలేదు ఆ రాత్రి.

పొద్దున్నే పొరుగింటావిడ గడపలో నిలబడి చెప్పాను:
"అటారా చెయ్యి తప్పలేదు. నా రాయే తప్పింది."
ఆమె తిరగలి ఆపలేదు.
పిండి ఒక వాయి పూర్తయ్యాక అంది:
"ఉప్పు కూడా, ఒక్కనాడూ తప్పలేదు."

దొంగ రాయిని అటారా గోడమీద బోర్లించాను,
మైనం పీకేసి, కన్నం ఆకాశానికి పెట్టి.
వాన పడింది మూడో నాడు.
కన్నంలో నిలిచిన కాసిని నీళ్ళు
ఒక చీమ తాగి
తన దారిన పోయింది.