ఎడమచేతి వాటం

ఎనిమిదిన్నరకే రేకులు కాగుతున్నాయి.
కడప ఏరోడ్రమ్ పాత షెడ్డులో
దూలానికి కట్టిన గొలుసుకప్పీ
కిర్రుమని ఒక్క పన్ను తిరిగింది.
"చాలు పుల్లన్నా" అన్నాడు ఏసుపాదం సారు.
ఇంజను లేవలేదు. లేవకూడదు గూడా.
దాని బరువు మాత్రం
ఇనుపగొట్టాల చట్రాన్ని వదిలి
గొలుసు మీదికి వచ్చింది,
నిద్దరపోయే బిడ్డను
ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నట్టు.

సారు సికింద్రాబాదు మనిషి,
సంతకం పెట్టే హక్కున్న మనిషి.
నేను ఆర్టీసీ గ్యారేజీలో
ముప్పై నాలుగేండ్లు బస్సుల కింద వెల్లకిలా బతికినోణ్ణి.
రెండు సీట్ల, గుడ్డ రెక్కల ఈ పుష్పక్
నాకంటే నాలుగేండ్లు చిన్నది.
మధ్యలో ముప్పై ఏండ్లు టార్పాలిన్ కింద పండుకోని లేచింది.

లేచినప్పటినుంచీ వణుకు.
మీటర్లలో సూదులన్నీ రెండుగా కనబడతాయంట.
ముక్కు కిందికి జారి
ప్రొపెల్లరు మూతకూ కవరుకూ మధ్య సందు
పైన వేలు దూరేంత, కింద బ్లేడు గూడా దూరనంత.
"రబ్బర్లు చచ్చిపోయినాయి" అన్నాడు సారు,
జ్వరం చూసినట్టు దాని మీద చెయ్యి పెట్టి.

నాలుగు బోల్టులు. ఒక్కోదానికి రెండు రబ్బర్లు,
ఇంజను చెవికి ముందొకటి, వెనకొకటి.
ఇనుముకూ ఇనుముకూ నడుమ కూచోని
నిమిషానికి రెండువేల దెబ్బలు మింగేవి.

బస్సుకైతే ఏముందబ్బా,
పాత టైరు కోసి ముక్క పెడితే
పులివెందులకు పోయొస్తుంది.
ఆ మాటే అన్నా.
సారు నవ్వలేదు.
"బస్సు ఆగితే జనం దిగి నిలబడతారు" అన్నాడు.

మొదటి బోల్టు తేలిగ్గా వచ్చింది.
రెండోదానికి నూనె పోసి, టీ తాగొచ్చినాం.
మూడోది సుత్తికి లొంగలే.
ఇంతియాజ్ గొలుసును వెంట్రుకవాసి లేపితే
అదే జారి అరచేతిలో పడింది.
నాలుగోదాని వెనక రబ్బరు
మిగతావాటి మాదిరి లేదు.
అచ్చు లేదు, నంబరు లేదు.
గీరి చూస్తే లోపల నైలాను దారాలు.
టైరు.

రన్‌వే చివర తీతువు అరిచింది.
సారు దాన్ని వెలుతురుకు పట్టుకున్నాడు.
"ఎవడో మహానుభావుడు" అన్నాడు పండ్లు కొరుకుతా.
"కోత చూడు, ఏటవాలు. ఎడమచేతోడు."

డెబ్భై ఎనిమిదో, తొమ్మిదో.
జిలానీ మేస్త్రి మిట్టమధ్యాన్నం వచ్చి
సిగరెట్టు పెట్టె మీద గీసిన బొమ్మ చూపించి
"ఇట్లాంటిది ఒకటి కోసియ్యిరా, ఎందుకని అడగద్దు" అన్నాడు.
అడగలేదు.
కత్తిని నీళ్లలో ముంచి ముంచి కోసినా.
రెండ్రూపాయలిచ్చినాడు. సినిమాకు పోయినా.
క్యూలో నిలబడి తలెత్తి చూసినప్పుడు
పైన గుయ్యిమంటా పోయినదాంట్లో
నా ముక్క ఉందో లేదో నాకేం తెలుసు.

చట్రం గొట్టాలకు ఎర్రరంగు పూసి, తుడిచి,
తెల్లమందు కొట్టి కాచుకున్నాం.
పగులుంటే ఎర్రగా పైకొస్తుంది.
రాలేదు. "అదృష్టం" అన్నాడు సారు.
నేనేమీ అనలే.

కొత్త రబ్బర్లకు పౌడరు వాసన.
కడాపటి బోల్టుకు టార్కు రెంచి నాకిచ్చినాడు.
కుడిచేత్తో పట్టుకున్నా. కుదరలే.
మార్చుకున్నా.
టక్కుమనేదాకా తిప్పి తలెత్తితే
సారు నా చేతినే చూస్తున్నాడు.
ఆమీద బల్ల మీది టైరు ముక్కను.
ఆమీద లాగ్‌బుక్కును.

పెన్ను చాలాసేపు గాల్లో ఉండింది.
"దీన్ని ఏమని రాయాల?" అన్నాడు,
ఎవర్నీ అడిగినట్టు కాదు.
"బాగా పనిచేసిందని రాయండి సార్" అన్నాడు ఇంతియాజ్,
ఏమీ తెలియక.

సారు రాసింది నేను చదవలే.
సాయంత్రం ఇంజను తిరిగింది.
సూదులు ఒక్కటొక్కటిగా కనబడినాయి.
టైరు ముక్క మాత్రం నా టిఫిన్ డబ్బాలో
ఇంటిదాకా దబదబ కొట్టుకుంటా వచ్చింది,
సైకిలు గతుకులో పడినప్పుడల్లా.