పద్దెనిమిది, పదకొండున్నర

నక్కలగుట్టల కొత్త దవాఖాన, మూడో అంతస్తు.
గంత ఏసీల గూడ నా కొంగు
మిరపకాయ వాసనే కొడుతున్నది.
రాత్రి రెండుసార్లు నానబెట్టి పిండిన.
పోలే.
పదకొండేండ్లు ఊకెనే పోతయా.

ఎదురుంగ ఇద్దరు.
సారు మెడల కార్డు, మేడం చేతుల నా కాయితాలు.
టాలీ వచ్చా అన్నరు, వచ్చన్న.
ఇన్సూరెన్స్ బిల్లులు చేసినవా అన్నరు,
మిర్చి బస్తాలకు చేసిన,
మనుషులకు నేర్చుకుంటనన్న.
నవ్విన్రు.
పనైతదేమో అనుకున్న.

అటెన్క పెన్ను మూత తీసి
"లాస్ట్ శాలరీ ఎంతమ్మా?" అన్నడు,
బస్సుల వచ్చినవా ఆటోల వచ్చినవా
అన్నంత అల్కగ.

ఏ జీతం సారూ.
ఎనుమాముల తొవ్వల మా కోల్డ్ స్టోరేజీల
రిజిస్టర్ల, రెవెన్యూ స్టాంపు మీద
నెలనెలా పద్దెనిమిది వేలకు సంతకం పెట్టిన.
కవర్ల పదకొండున్నర ఉండేది.
నడుమ ఆరున్నర ఎటు పోయిందో
ఆ పద్దు గూడ నేనే రాసిన:
ఎత్తుడు దించుడు ఖర్చు, అని.
గుండ్రటి అక్షరాలు నావి,
సేటు మెచ్చుకునేటోడు.

పద్దెనిమిదంటే అబద్ధం,
దానికి సాక్ష్యం ఉన్నది.
పదకొండున్నరంటే నిజం,
దానికి ఖాళీ కవరు గూడ లేదు.
కవర్ల మీద పాలోని లెక్కలు రాసి పారేసిన.

మా హమాలి కొమ్మాలు
గోదాం అరుగు మీద సద్ది విప్పి చెప్పేటోడు:
పసుల అంగట్ల తువ్వాల కప్పుకొని
వేళ్ళు పట్టుకొనే బేరం చేస్తరు బిడ్డా,
ఎద్దుకు తెల్వద్దని.
తన ధర తనకు తెలిస్తే
అడుగు తీసి అడుగెయ్యదు.
పండ్లు చూస్తరు, నడిపిచ్చి చూస్తరు,
తోక మెలేస్తరు.
పోయిన అంగట్ల ఎంతకు పోయిందంటే మాత్రం
అమ్మేటోడు బీడీ ముట్టిచ్చుకుంటడు.

నా దగ్గర బీడీ లేకపాయె.
ఫారం మీద గడి చిన్నది,
ఒక్క అంకె పట్టేటంత.

"రెండున్నయి సార్" అన్న.
"రెండు చోట్ల చేశారా?"
"ఒక్క చోటనే. జీతాలే రెండు.
సంతకానికొకటి, సంచికొకటి."

పెన్ను గడి మీదికి వచ్చి ఆగింది.
మేడం తలెత్తి చూసింది.
ఆమె బొటనవేలి గోరు పక్కన
స్టాంపు ప్యాడుది ఊదా మరక.
ఏమనలే.
సాపుగున్న కాయితాలనే మళ్ళ సాపు చేసింది.

"మరి, నాకంటె ముందు గీ కుర్చీల ఉన్నోళ్ళకు
ఎంతిచ్చిన్రు సార్?"
అడుగుదామని ఇంట్లకెల్లి బయల్దేరలే నేను.
ఘాటుకు తుమ్మొచ్చినట్టు వచ్చింది.

"అది కాన్ఫిడెన్షియల్ అమ్మా."
మంచిది సార్ అన్న, దండం పెట్టిన.
నాది గూడ గంతే సార్, అనాలె గదా.
రెండో అంతస్తు మెట్ల మీద యాదికొచ్చింది.
ఒక్క నిమిషం రెయిలింగ్ పట్టుకొని నిలబడ్డ.
మళ్ళ ఎక్కిపోయి చెప్పొస్తె ఎట్లుంటదో అనుకున్న.
దిగిన.

ఫోన్ చేస్తమన్నరు.
గడిల ఏం రాసిండో తెల్వదు,
రెండిట్ల ఒకటా, రెండిటి నడుమదా.

బస్సుల కండక్టరమ్మ ఆధార్ చూసి
సున్నా టికెట్ చింపిచ్చింది.
ఎక్కడికి అన్నది, గంతే అడిగింది.
గీసుగొండ అన్న.
సున్నా రూపాయలు,
కింద ఊరి పేరు పూరాగ అచ్చు.

యార్డు గేటు కాడ బస్సు నెమ్మదైంది.
పక్క సీట్ల పిల్ల తుమ్మింది,
ఒకటి, రెండు.
అది గాలిదో నాదో.
కొంగు ముడుచుకొని
కిటికీ దిక్కు జరిగిన.